కారిబూలు ఈనే నేలను మళ్లీ వేలానికి పెడుతున్నారు: అమెరికాలో ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువారికి, ముఖ్యంగా చమురు, గ్యాస్ రంగంలో పనిచేస్తున్న ఇంజనీర్లకు, జియాలజిస్టులకు, ఆ రంగానికి అప్పులిచ్చే బ్యాంకుల్లో ఉన్నవారికి,

నమస్కారం.

అలాస్కా ఈశాన్య మూలన ఉన్న ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఇది నా మొదటి ప్రయత్నం కాదు. అక్కడి చమురు లీజుల మీద ప్రభుత్వం ప్రజాభిప్రాయం చెప్పమన్నప్పుడు నాలుగు పేజీలు రాసి పంపాను. అందిందంటూ ఒక నంబరు వచ్చింది, అంతే. మా ప్రజాప్రతినిధి ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. రెండు నెలలకు వచ్చిన జవాబులో పెట్రోలు ధరల గురించి రెండు పేరాలు ఉన్నాయి, నేను అడిగిన దాని గురించి ఒక్క ముక్క లేదు. నేను అడిగింది చిన్న ప్రశ్న. ఆ నేలలో చమురు తీసే లీజులను ఇప్పటికే రెండుసార్లు వేలం వేశారు. మొదటిసారి పేరున్న చమురు కంపెనీ ఒక్కటీ రాలేదు. రెండోసారి అసలు ఎవరూ రాలేదు. అలాంటప్పుడు ఇంకో నాలుగు వేలాలు జరపాలని చట్టం చేయడం ఎవరి కోసం?

జవాబు రాలేదు కాబట్టి మీ దగ్గరికి వస్తున్నాను. ఈ దేశపు చమురు రంగంలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. భూమి కింద ఎంత చమురుందో లెక్క కట్టేవాళ్లు, బావులు డిజైన్ చేసేవాళ్లు, పైప్‌లైన్ల బాగోగులు చూసేవాళ్లు ఉన్నారు. ఈ లెక్కలు నాకంటే మీకే బాగా తెలుసు. ఓటు కూడా ఉంది. అలాస్కా మనకు దూరం, మనకెందుకని ఊరుకుంటున్నాం. కానీ అది కేంద్ర ప్రభుత్వ భూమి. ఏ రాష్ట్రంలో ఉన్న పౌరుడికైనా దానిమీద ఎంత హక్కు ఉందో మనకూ అంతే ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. నా కారు పెట్రోలుతోనే నడుస్తుంది, చలికాలంలో మా ఇల్లు గ్యాస్‌తోనే వెచ్చబడుతుంది. చమురు రంగంలో పనిచేసేవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. నా అభ్యంతరం ఈ ఒక్క చోటు గురించి.

ఆ చోటు గురించి కొంత చెప్పాలి. 1960లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం దాన్ని వన్యప్రాణుల కోసం కేటాయించింది. 1980లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దాని విస్తీర్ణాన్ని రెట్టింపు దాటించింది. ఇప్పుడు అది సుమారు 1.93 కోట్ల ఎకరాలు. దక్షిణాన బ్రూక్స్ పర్వతాలు, ఉత్తరాన బోఫోర్ట్ సముద్రం, ఆ రెండింటి మధ్య చెట్టనేది లేని సన్నటి పచ్చిక మైదానం. ఆ తీర మైదానం 15.6 లక్షల ఎకరాలు. 1980 చట్టంలోని 1002వ సెక్షన్ దాని గురించి చెప్పింది కాబట్టి దానికి ‘టెన్ ఓ టూ’ అని పేరు పడింది. కాంగ్రెస్ అనుమతించే దాకా అక్కడ చమురు తీయకూడదని అదే చట్టం చెప్పింది.

ఆ అడ్డు 37 ఏళ్లు నిలిచింది. 1995లో బడ్జెట్ బిల్లులో తవ్వకాలను చేర్చితే బిల్ క్లింటన్ వీటో చేశారు. 2005లో సెనేట్ దగ్గర ఆగింది. చివరికి 2017 డిసెంబరులో పన్నుల చట్టంలో పెట్టి దాటించారు. ఏడేళ్లలో రెండు వేలాలు జరగాలి, ఒక్కోదాంట్లో కనీసం 4 లక్షల ఎకరాలు పెట్టాలి అని రాశారు. చాలామంది గమనించని మార్పు ఇంకొకటి ఉంది. ఈ రెఫ్యూజ్ ఎందుకు ఉందో చెప్పే చట్టబద్ధమైన ఉద్దేశాల జాబితాలో చమురు, గ్యాస్ కార్యక్రమాన్ని కూడా చేర్చారు. జంతువులను కాపాడడానికి పెట్టిన చోటికి చమురు తీయడం కూడా ఒక లక్ష్యమైంది. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన బాధే నాచేత ఈ ఉత్తరాలన్నీ రాయిస్తోంది.

ఇక నా వాదన. ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఖజానాకు వస్తుందన్న డబ్బు రాలేదు.

2017 చట్టం చేసేటప్పుడు, ఈ రెండు వేలాల వల్ల పదేళ్లలో కేంద్ర ఖజానాకు సుమారు 110 కోట్ల డాలర్లు వస్తాయని కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు అంచనా వేసింది. పన్నుల కోతకు ఇది కొంత పూడిక అన్నారు. 2021 జనవరి 6న మొదటి వేలం జరిగింది. వచ్చిన బిడ్ల మొత్తం 1.44 కోట్ల డాలర్లు. ఎకరాకు సుమారు 26 డాలర్లు. అందులోనూ అలాస్కాకు సగం పోవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఆ బిడ్లలో ఎక్కువ భాగం ఎవరివి? అలాస్కా రాష్ట్ర ప్రభుత్వానికే చెందిన అభివృద్ధి సంస్థ ‘ఐడా’వి. కంపెనీలు రావేమోనన్న టెన్షన్‌తో ప్రజల డబ్బుతో ప్రభుత్వ సంస్థే లీజులు కొనుక్కుంది. మిగిలిన రెండు చిన్న సంస్థలు 2022లో లీజులు వదులుకున్నాయి. 2023లో బైడెన్ ప్రభుత్వం ఐడా లీజులను రద్దు చేసింది, ఆ రద్దు చెల్లదని 2025లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. 2025 జనవరిలో రెండో వేలం. 4 లక్షల ఎకరాలు పెట్టారు. ఒక్క బిడ్ కూడా రాలేదు.

ఏ వ్యాపారంలోనైనా రెండుసార్లు కొనేవాడు రాకపోతే సరుకును మళ్లీ అంచనా వేస్తారు. ఇక్కడ ఏమైందంటే, 2025 జూలైలో వచ్చిన చట్టం పదేళ్లలో కనీసం నాలుగు వేలాలు జరపాలంది. అక్టోబరులో కేంద్ర భూములు చూసే ఇంటీరియర్ శాఖ 15.6 లక్షల ఎకరాల మైదానం మొత్తాన్నీ లీజులకు తెరిచింది.

2. పెట్రోలు బంకు దగ్గర మనకు ఏమీ మారదు.

యూఎస్ జియలాజికల్ సర్వే 1998లో ఇచ్చిన అంచనా ఇప్పటికీ అందరూ వాడేది. కేంద్ర భూమి, స్థానిక ఆదివాసుల కంపెనీల భూమి, పక్కనున్న సముద్ర జలాలు కలిపి సగటున 1,040 కోట్ల బ్యారెళ్లు తీయగలమని ఆ అంచనా. పెద్ద అంకే. అయితే ప్రపంచం రోజుకు సుమారు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతోంది. అంటే మూడున్నర నెలల వాడకం. అదీ ‘సాంకేతికంగా తీయగలిగినది’. గిట్టుబాటయ్యేది ఎంతో వేరే లెక్క, ఆ తేడా మీకు చెప్పనక్కరలేదు.

ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ 2008లో ధర మీద ప్రభావం లెక్క కట్టింది. మధ్యస్థ అంచనా ప్రకారం బ్యారెల్‌కు 75 సెంట్లు తగ్గుతుంది. బ్యారెల్‌కు 42 గ్యాలన్లు. గ్యాలన్‌కు రెండు సెంట్లు కూడా కాదు. అదీ ఈరోజు లీజు ఇస్తే రేపు కాదు, ఉత్పత్తి మొదలవడానికే పదేళ్ల దాకా పడుతుంది. పైగా 1995 నుంచి అలాస్కా చమురును విదేశాలకు అమ్ముకోవచ్చు. 2020 నుంచి అమెరికా కొనేదానికంటే ఎక్కువ పెట్రోలియం బయటికి అమ్ముతోంది. దేశ భద్రత కోసం ఈ మైదానం కావాలనే వాదన 1980లలో ఎవరైనా చేస్తే వినాల్సిందే. ఇప్పుడు దానికి ఆధారం కనిపించడం లేదు.

3. ఆ మందకు ఈనడానికి ఇంకో చోటు లేదు.

ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

పోర్క్యుపైన్ అనే నది పేరుతో పిలిచే కారిబూ మంద ఒకటుంది. కారిబూ అంటే రెయిన్‌డీర్ జాతి జింక. 2017లో విమానం నుంచి ఫొటోలు తీసి లెక్కిస్తే ఆ మందలో 2.18 లక్షల జింకలున్నాయి. చలికాలం అవి దక్షిణాన, కెనడాలోని యూకాన్ అడవుల దాకా ఉంటాయి. వసంతం రాగానే చూడి ఆడజింకలు ముందు బయలుదేరతాయి. వందల మైళ్లు మంచులో, వరద నదుల్లో నడిచి మే చివరికి ఈ మైదానం చేరి, జూన్ మొదటి వారంలో దాదాపు అన్నీ కొద్ది రోజుల తేడాతో ఈనుతాయి. పుట్టిన గంటకల్లా దూడ నిలబడుతుంది.

ఇంత దూరం నడిచి ఇక్కడికే ఎందుకు వస్తాయి? మూడు కారణాలున్నాయి. మంచు కరగగానే మొలిచే కాటన్‌గ్రాస్ అప్పుడే ఇక్కడ లేతగా ఉంటుంది, పాలిచ్చే తల్లికి కావలసిన పోషకాలు అందులో ఉంటాయి. తోడేళ్లు, ఎలుగులు, గద్దలు కొండల వైపు ఎక్కువ, మైదానంలో తక్కువ. మూడోది, జూన్ చివరికి దోమలు, జోరీగలు లేస్తాయి. తీరం గాలి, చల్లదనం వాటిని తరిమేస్తాయి. ఆర్కిటిక్ దోమల గురించి తెలియనివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఆ దోమల బాధకు మంద మేత మానేసి పరిగెత్తుతూనే ఉంటుంది.

మంచు ఆలస్యంగా కరిగిన ఏళ్లలో ఆడజింకలు మైదానం చేరలేక దారిలోనే, కెనడా వైపు ఈనేస్తాయి. ఆ ఏళ్లలో బతికే దూడలు తగ్గిపోయాయని శాస్త్రవేత్తలు గమనించారు. మైదానం నుంచి తల్లులను పక్కకు నెడితే ఏమవుతుందో ప్రకృతే మనకు ముందుగా చూపించింది.

‘రెఫ్యూజ్‌కు పడమట ఉన్న ప్రూడో బే క్షేత్రంలో చమురు తీస్తూనే ఉన్నారు, అక్కడి మంద పెరిగింది కదా’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అక్కడి సెంట్రల్ ఆర్కిటిక్ మంద 1970లలో కొన్ని వేలు, 2010 నాటికి 70 వేలకు చేరింది, తర్వాత బాగా తగ్గింది. కానీ ఆ మంద పెరిగినప్పుడు కూడా దూడలున్న తల్లులు రోడ్లకు, బావులకు నాలుగు కిలోమీటర్ల దాకా దూరంగా జరిగాయి. అక్కడ జరగడానికి చోటుంది, మైదానం వెడల్పు. ఇక్కడ కొన్నిచోట్ల సముద్రం నుంచి కొండపాదం దాకా 15 మైళ్లే. జరిగితే ఎక్కడికి జరుగుతాయి? కొండల్లోకి, తోడేళ్ల దగ్గరికి.

ఇంకో మాట కూడా అంటారు, ‘15.6 లక్షల ఎకరాల్లో కట్టడాలకు వాడేది 2,000 ఎకరాలే’ అని. చట్టంలో ఆ పరిమితి ఉన్న మాట నిజం. ఆ లెక్కలో బావులు నిలిపే కంకర దిమ్మెలు, ఎయిర్‌స్ట్రిప్‌లు వస్తాయి. పైప్‌లైను విషయంలో మాత్రం అది నిలబడే స్తంభాల కింద నేలే వస్తుంది, స్తంభాల మధ్య పైప్‌లైను పొడవు రాదు. పైగా జియలాజికల్ సర్వే ప్రకారం అక్కడి చమురు ఒకే పెద్ద నిక్షేపంగా లేదు, చాలాచోట్ల చెదురుమదురుగా ఉంది. వలలో దారం బరువెంత? చెరువు మీద పరిస్తే చేపకు దారి ఉండదు.

4. గ్విచిన్ ప్రజల తిండి పోతుంది.

అలాస్కా ఈశాన్యంలో, కెనడా వాయవ్యంలో 15 దాకా గ్విచిన్ అనే ఆదివాసుల ఊళ్లున్నాయి. ఎక్కువగా ఈ మంద తిరిగే దారుల్లోనే అవి ఉన్నాయి. రెఫ్యూజ్ దక్షిణపు అంచున ఉన్న ఆర్కిటిక్ విలేజ్‌కు రోడ్డు లేదు. సరుకులు విమానంలో రావాలి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ ఇళ్లలో మాంసమంటే కారిబూ మాంసం. వేట, ఎండబెట్టడం, పంచుకోవడం, పిల్లలకు నేర్పడం, అన్నీ దాని చుట్టూనే.

1988 జూన్‌లో ఆర్కిటిక్ విలేజ్‌లో గ్విచిన్ ఊళ్లన్నీ కలిశాయి. వందేళ్లకు పైగా అలా అందరూ ఒకచోట చేరింది లేదు. చేరడానికి కారణం ఈ తవ్వకాల ప్రతిపాదనే. ఆ మైదానాన్ని వాళ్లు తమ భాషలో ‘జీవం మొదలయ్యే పవిత్ర స్థలం’ అంటారు. కరువు రోజుల్లో కూడా దూడలు పుట్టే చోటికి వేటకు వెళ్లకూడదని వాళ్ల కట్టుబాటు. ఆకలితో ఉన్నవాళ్లు పెట్టుకున్న హద్దు అది. గ్యాలన్‌కు రెండు సెంట్ల కోసం మనం దాన్ని దాటమంటున్నాం.

మంద సరిహద్దు దాటి తిరుగుతుంది కాబట్టి అమెరికా, కెనడా 1987లో ఒప్పందం చేసుకున్నాయి. కెనడా తనవైపు ఈనే నేలను ఇవ్వావిక్, వుంటుట్ నేషనల్ పార్కులుగా కాపాడుతోంది. మనవైపు వేలం నోటీసులు వస్తున్నాయి.

5. కాక్టోవిక్ మాట కూడా వినాలి.

ఈ వాదన చేసే చాలామంది ఈ విషయం దాటేస్తారు. నేను దాటను. తీర మైదానంలో ఉన్న ఒకే ఊరు కాక్టోవిక్, బార్టర్ దీవి మీద. సుమారు 250 మంది ఉంటారు, ఎక్కువమంది ఇనూపియట్ ఆదివాసులు. వాళ్ల నాయకుల్లో చాలామంది తవ్వకాలు కావాలంటున్నారు. కారణం తేలిగ్గా తీసేయదగినది కాదు. నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వం 1972లో ఏర్పడింది, దాని ఆదాయంలో అధిక భాగం చమురు ఆస్తుల మీద పన్నే. బడి, క్లినిక్, ఇంటికి నీళ్ల పైపు, మురుగు పారుదల, ఫైర్ ఇంజన్, అన్నీ ఆ డబ్బుతో వచ్చాయి. ప్రూడో బే తగ్గిపోతే ఇవన్నీ ఎలా నడవాలి అని వాళ్లు అడుగుతున్నారు. 1988లో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు మోసిన ట్రాన్స్-అలాస్కా పైప్‌లైన్ ఇప్పుడు అందులో పావు వంతు కూడా మోయడం లేదు.

సైన్యం రన్‌వే కోసమని 1947 నుంచి 1964 మధ్య ఇదే ఊరిని మూడుసార్లు కదిలించారు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు దూరపు నగరాలవాళ్లు వచ్చి నీ నేలలో ఏం చేయాలో చెబితే కోపం రాదా? వస్తుంది. నా లేఖ కూడా అలాంటిదే అనిపించవచ్చని నాకు తెలుసు. ఊళ్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు, తిమింగలాల వేట, జింకల వేట దెబ్బతింటాయని భయపడేవాళ్లు అక్కడే ఉన్నారు.

నా బాధ ఏమిటంటే, పిల్లలకు బడి కావాలంటే జింకలు ఈనే నేల ఇవ్వాలి అనే షరతు వాళ్లకు ఎదురవడమే. ఇంకే అమెరికన్ ఊరికీ మంచినీళ్ల పైపు కోసం ఇలాంటి షరతు పెట్టడం నేను చూడలేదు. పైగా రెండు వేలాల ఫలితం చూశాక, చమురు వస్తుందన్న ఆశ మీద వాళ్ల బడి భవిష్యత్తును కట్టడం వాళ్లకే అన్యాయం.

6. ధ్రువపు ఎలుగులు, గడ్డకట్టిన నేల.

దక్షిణ బోఫోర్ట్ సముద్రపు ధ్రువపు ఎలుగులు సుమారు 900 మిగిలాయని 2010 నాటి అంచనా. 2008లోనే ధ్రువపు ఎలుగును ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించారు. సముద్రపు మంచు తగ్గడంతో ఎక్కువ తల్లులు ఒడ్డుకు వచ్చి ఈ మైదానంలోనే మంచులో గుహ తవ్వుకుని పిల్లల్ని కంటున్నాయి. భూమిలోకి కంపనాలు పంపి చమురు వెతికే సైస్మిక్ సర్వే ట్రక్కులు తిరిగేది, మంచు రోడ్లు వేసేది కూడా సరిగ్గా చలికాలంలోనే. గుహలను ముందే కనిపెట్టి తప్పించుకుంటామని కంపెనీలు చెబుతాయి. విమానం నుంచి వేడిని చూసే కెమెరాలతో వెతికితే అలాస్కా ఉత్తర అంచైన నార్త్ స్లోప్‌లో 45 శాతం గుహలే దొరికాయని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. దొరకని సగానికి పైగా గుహల మీదుగా ట్రక్కులు పోవచ్చు.

లోపల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే ఈ నేల సంగతి ఇంకా కష్టం. 1984-85లో చేసిన సర్వేల వాహనాల జాడలు దశాబ్దాల తర్వాత కూడా పచ్చికలో కనిపిస్తున్నాయి.

7. ప్రమాదం జరిగాక నష్టపరిహారం ఎలా ఉంటుందో చూశాం.

1989 మార్చిలో ఈ మైదానంలో తవ్వకాలకు సెనేట్ కమిటీ ఒకటి ఒప్పుకుంది. కొద్ది రోజులకే, మార్చి 24న, ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు ఓడ దక్షిణ అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతికి తగిలింది. 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. అది ప్రూడో బే చమురే, పైప్‌లైన్ చివర ఓడకెక్కింది. అక్కడి జాలర్లకు ముఖ్య ఆధారమైన హెర్రింగ్ చేప ఇప్పటికీ తిరిగి కోలుకోలేదు. సుమారు 32 వేల మంది కోర్టుకు వెళ్లారు. 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్ల శిక్షాత్మక పరిహారం ఇమ్మంది. అప్పీళ్ల మీద అప్పీళ్లు నడిచి 2008లో సుప్రీంకోర్టు దాన్ని సుమారు 50 కోట్లకు తగ్గించింది. 19 ఏళ్లు. ఈలోగా చనిపోయిన జాలర్లెందరో.

అది పాత కథ, ఇప్పుడు టెక్నాలజీ మారింది అంటారు. 2006లో ప్రూడో బేలోనే తుప్పు పట్టిన పైపు నుంచి 2 లక్షల గ్యాలన్లకు పైగా చమురు కారింది. మంచు కింద కారుతుంటే రోజుల తరబడి ఎవరికీ తెలియలేదు. తుప్పును కనిపెట్టే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. అవి సమయానికి వాడలేదు, అంతే.

చమురు రంగంలో ఉన్న మీకు విడిగా ఒక మాట. ఆ మైదానంలో ఇప్పటిదాకా తవ్విన అన్వేషణ బావి ఒక్కటే, కేఐసీ-1. 1985-86లో కాక్టోవిక్ ఇనూపియట్ కార్పొరేషన్ భూమిలో తవ్వారు. ఫలితాలు ముప్పై ఏళ్లకు పైగా రహస్యంగా ఉంచారు. అవి ఆశాజనకంగా లేవని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఒక్క బావి, నలభై ఏళ్ల కిందటి సర్వే. మీ కంపెనీలో ఎవరైనా ఇంత సమాచారంతో ఇంత ఖర్చుకు అనుమతి అడిగితే మీరు సంతకం పెడతారా? 2020 చివరికి అమెరికాలోని ఆరు అతిపెద్ద బ్యాంకులూ ఆర్కిటిక్ చమురు ప్రాజెక్టులకు నేరుగా డబ్బు పెట్టమని ప్రకటించాయి. జంతువుల మీద ప్రేమ ఒక్కటే వాళ్లను ఆపిందని నేను అనుకోవడం లేదు. లెక్క కుదరలేదు. మరి లెక్క కుదరదని తెలిసినవాళ్లు బయటికి చెప్పకపోతే, వినేవాళ్లకు జంతు ప్రేమికుల మాట ఒకవైపు, చమురు సంపద మాట ఒకవైపు వినిపిస్తాయి. తూకంలో చమురు వైపు ఎంత తేలికగా ఉందో చెప్పగలిగింది మీరే.

అందుకే నా విజ్ఞప్తులు ఇవి.

1. మీ ప్రతినిధికి, ఇద్దరు సెనేటర్లకు ఫోన్ చేయండి. కాపిటల్ స్విచ్‌బోర్డు నంబరు 202-224-3121. తీర మైదానంలో లీజుల కార్యక్రమాన్ని రద్దు చేసి శాశ్వత రక్షణ ఇచ్చే ఆర్కిటిక్ రెఫ్యూజ్ ప్రొటెక్షన్ బిల్లును పలుమార్లు ప్రవేశపెట్టారు. దానికి మద్దతిస్తారా లేదా అని సూటిగా అడగండి. రెఫ్యూజ్ ఉద్దేశాల నుంచి చమురును తీసేయాలని కోరండి. ఈమెయిల్ కంటే ఫోన్ మేలు.

2. ప్రతి వేలానికి ముందు ఇంటీరియర్ శాఖ ఎంత వస్తుందనుకుంటోందో, గత వేలాల్లో ఎంత వచ్చిందో, వేలం నిర్వహణకు ప్రజల డబ్బు ఎంత ఖర్చయిందో ఒకే పేజీలో ప్రకటించాలని అడగండి. ఇది తవ్వకాలు కావాలనేవాళ్లు కూడా అడగదగిన విషయమే.

3. 1987 ఒప్పందం ప్రకారం కెనడాతో, గ్విచిన్ ఊళ్లతో చర్చలు పూర్తికాకుండా కొత్త లీజు ఇవ్వకూడదని కోరండి. ఎలుగుల గుహలు పూర్తిగా గుర్తించే మార్గం దొరికేదాకా చలికాలపు సైస్మిక్ సర్వేలకు అనుమతి ఆపాలని కోరండి.

4. కాక్టోవిక్ బడికి, క్లినిక్‌కు, నీటి సరఫరాకు చమురు ఆదాయంతో సంబంధం లేని కేంద్ర నిధి ఏర్పాటు చేయాలని అడగండి. ఈ డిమాండ్ లేకుండా మొదటిది మాత్రమే అడగడం నాకు సరైనదిగా అనిపించదు. దయచేసి రెండూ కలిపి అడగండి.

5. ఇంజనీర్లు, జియాలజిస్టులు: ప్రజాభిప్రాయం కోరినప్పుడు మీ ఉద్యోగ నిబంధనలు ఒప్పుకున్నంత మేరకు సాంకేతిక వివరాలతో రాయండి. ‘నాకు జింకలంటే ఇష్టం’ అన్న లేఖలు వేలల్లో వెళ్తాయి. చమురు అంచనాలోని అనిశ్చితి గురించి, మైదానంలో చలికాలంలో మంచు రోడ్లకు సరిపడా నీళ్లు దొరక్కపోవడం గురించి, కరుగుతున్న నేల మీద దిమ్మెలు నిలబెట్టడానికి అయ్యే ఖర్చు గురించి రాసే లేఖలు తక్కువ. వాటికి అధికారులు లిఖితంగా జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

6. బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో ఉన్నవారు: ఆర్కిటిక్ విషయంలో మీ సంస్థ 2020 నాటి మాటమీదే ఉందో లేదో కనుక్కోండి.

2025 చట్టం కింద వేలాలు ఒకదాని తర్వాత ఒకటి రాబోతున్నాయి, కాబట్టి ఈ ఫోన్ ఈ వారమే చేయమని వేడుకుంటున్నాను. చేసినవాళ్లు ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి. ఈ లేఖలో ఏ అంకె తప్పుగా కనిపించినా, ముఖ్యంగా చమురు రంగంలో ఉన్నవారికి, మొహమాటం లేకుండా చెప్పండి. సరిదిద్ది మళ్లీ పంపుతాను. మా ప్రజాప్రతినిధి ఆఫీసుకు రేపు నాలుగోసారి ఫోన్ చేస్తున్నాను.

ఇట్లు,
మీలో ఒక ఓటరు